బల్లమీద రెండుసార్లు

చదువుకోవడానికి వచ్చినవాళ్ళు చదువుకుని పోతే ఎవరికీ ఇబ్బంది లేదు. ఈ పిల్లలు చూడటానికి వచ్చారు. కోడలికి అదే నచ్చలేదు.

ఎక్కడో వేరే దేశపు యూనివర్సిటీ నుంచి పదిమంది పిల్లలు, వాళ్ళ వెంట ఒక మేడమ్. మూడు వారాలు ఊళ్ళో ఉంటారట. మధ్యాహ్నాలు లైబ్రరీ మేడమీద క్లాసులు, చివరి వారం పొద్దున పూట ఒక్కొక్కరు ఒక్కో పనిచోట. ఒకడు రొట్టెల బట్టీలో, ఒకతె లాండ్రీలో, ఇద్దరు పోస్టాఫీసులో. ఇక్కడి జనం ఎలా పనిచేస్తారో, పెద్దవాళ్ళతో ఎలా మసలుతారో, ఏం పద్ధతులు పాటిస్తారో దగ్గరుండి చూసి రాసుకోవాలి. రాసినదానికి మార్కులు. బైండింగ్ షాపు యజమాని తన షాపునీ ఆ జాబితాలో ఎక్కించుకుని, ముందుగది అద్దాలు తుడిపించి, పనిగది గుమ్మం దాకా వచ్చి చెప్పాడు.

"సోమవారం నుంచి ఆరు రోజులు ఒకమ్మాయి వస్తుంది. పెద్దాయన పక్కన కూర్చోబెట్టండి. మన దగ్గర చూడాల్సిన పనంటే ఆయనదే కదా."

పెద్దాయన అంటే కోడలికి స్వయానా మామగారు. నలభై ఏళ్ళుగా కిటికీ పక్క బల్ల ఆయనది. కుట్టిన పుస్తకాల వీపు సుత్తితో గుండ్రంగా కొట్టి, అట్టలు కోసి, వాటికి కాలికో గుడ్డ తొడిగి, పుస్తకాన్ని అందులో కూర్చోబెట్టేది ఆయనే. పక్క బల్లమీద కోడలు ఫారాలు, అంటే మడిచిన అచ్చుకాగితాలు, కుడుతుంది. మూడో మనిషి జిగురు కాస్తాడు, పూస్తాడు, సరుకు అందిస్తాడు, సందు దొరికితే నవ్విస్తాడు. అతన్ని అందరూ జిగురు అనే పిలుస్తారు. ఎక్కడైనా సంతకం పెట్టాల్సి వస్తే తప్ప అసలు పేరు అతనికే గుర్తుండదు.

ఈ ముగ్గురికీ తెలిసిన సంగతి ఒకటి యజమానికి తెలియదు. పెద్దాయనకి చూపు పోయింది. పూర్తిగా చీకటి కాదు. వెలుగూ నీడా తెలుస్తాయి. ఎదురుగా మనిషి నిలబడితే ఒక మసక ముద్దలా తెలుస్తుంది. రెండేళ్ళుగా ఇంతే. ఇదీ సంగతి అని ఎవరూ ఎవరితోనూ అనలేదు. ఒకరోజు ఆయన చెయ్యి అట్ట కోసం బల్లమీద తడుముకుంటుంటే, జిగురు ఆ అట్ట పక్కన వేలితో రెండుసార్లు తట్టాడు. చెయ్యి చప్పుడు దగ్గరికి వచ్చింది. ఆ రోజు నుంచి ఆ బల్లమీద ఏది పెట్టినా దాని అంచున రెండుసార్లు తట్టడం అలవాటైపోయింది. గుడ్డ అయితే "నీలమండీ", "ఎరుపండీ" అని జిగురు పాట కట్టి మరీ అందించేవాడు. స్కేలు పక్కన పడేసి పెద్దాయన గంట్లు పెట్టిన కర్ర ఒకటి తయారుచేసుకున్నాడు. కత్తి ఎడమవైపు, మడతబద్ద కుడివైపు, సుత్తి గోడవార. మిగతాదంతా వేళ్ళు చూసుకునేవి. యజమాని రోజుకొకసారి గుమ్మంలో నిలబడి, ఎన్నయ్యాయని అడిగి వెళ్ళిపోయేవాడు.

ఆయన చెడ్డవాడేం కాడు. కాకపోతే ఆయన పద్ధతులు ఆయనకున్నాయి. పోయినేడు కోతమిషను మనిషికి చెవులు మందగించాయని తెలిసిన వారంలోనే అందరినీ పిలిచి, నాలుగు మంచి మాటలు చెప్పి, ఒక గోడగడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపేశాడు. ఆ గడియారం టిక్కుటిక్కు అతనికి వినపడదని ఎవరికీ తట్టలేదు. అతను ఇప్పటికీ రోజూ పొద్దున్నే వచ్చి రోడ్డుకి అవతలి బెంచీమీద కూర్చుని షాపు వైపు చూస్తుంటాడు. మామగారికి కూడా అలాంటి గడియారం ఒకటి రాసిపెట్టి ఉందని కోడలికి తెలుసు. ఆ బల్ల లేకపోతే ఆయన ఏమవుతాడో ఆదివారం పూట ఇంట్లో ఆయన్ని చూసినా తెలుస్తుంది.

అలాంటిది, చూడటమే పనిగా ఒకమ్మాయి ఆరు రోజులు ఆయన పక్కన కూర్చుంటుందంటే ఆమెకి నెత్తిమీద కుంపటి పెట్టినట్టయింది.

*

అమ్మాయి సోమవారం చెప్పిన వేళకి ఐదు నిమిషాల ముందే వచ్చింది. పొడుగు మనిషి. జుట్టు బిగించి వెనక్కి కట్టుకుంది. చేతిలో విడి కాగితాల కట్ట, దానికొక క్లిప్పు. ఇక్కడి భాష రెండేళ్ళు క్లాసులో నేర్చుకుందట. పాఠ్యపుస్తకానికి నోరొచ్చినట్టు మాట్లాడింది.

"తాతగారూ, నేను మీ పక్కన కూర్చుని మీ పనిని గమనించవచ్చునా?"

పెద్దాయన ఆ గొంతు వైపు తిరిగాడు. "కూర్చోమ్మా. గమనించడానికేముంది, చెయ్యి పెట్టు. చేస్తే నీకే తెలుస్తుంది."

"గమనించుట తప్పనిసరి, తాతగారూ. దానికి మార్కులు ఉన్నవి."

జిగురు మొహం పక్కకి తిప్పుకున్నాడు. పది గంటలకల్లా ఆమెకి నోట్సు పిల్ల అని పేరు పెట్టేశాడు.

పెద్దాయన ఆమె చేత ఫారాలు మడతపెట్టించాడు. ఆమె మడిచి ఇచ్చినవాటి అంచులమీద బొటనవేలు పోనిచ్చి, ఒక్కొక్కటీ పక్కన పెడుతూ వచ్చాడు. ఏడోదానికి ఆగాడు.

"ఇది వెంట్రుకవాసి జరిగింది."

ఆమె కాగితాన్ని వెలుగుకి పెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. తేడా కనపడలేదు. కొలబద్ద పెట్టి చూస్తే తేలింది. ఆ సంగతి రెండు పేజీలు రాసుకుంది. కోడలు దారానికి మైనం పట్టిస్తూ ఆ కలం కదలడమే చూసింది. వాళ్ళ లిపి ఆమెకి ఒక్క ముక్క తెలియదు. తెలియకపోవడం వల్ల ప్రతి గీతా మామగారి కళ్ళ గురించే అనిపించింది.

పన్నెండింటికి వెళ్ళిపోయే ముందు నోట్సు పిల్ల ఒక మంచిపని చేసింది. ఎక్కడ కూర్చున్నా, లేచేటప్పుడు ఆ చోటు మీరు వచ్చినప్పటికన్నా శుభ్రంగా ఉండాలని వాళ్ళ మేడమ్ చెప్పిందట. పెద్దాయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు, కోడలు వెనకగదిలో కాగితం కట్టలు దించుతోంది, జిగురు పొయ్యి దగ్గర ఉన్నాడు. ఆ అమ్మాయి బల్ల తుడిచి, పనిముట్లన్నీ పొడుగూ పొట్టీ వరసలో ముచ్చటగా సర్ది, తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.

భోజనాలయ్యాక పెద్దాయన అట్టకి కాలికో తొడిగి, అంచు లోపలికి మడిచి, బద్ద కోసం కుడివైపు చెయ్యి వేశాడు. వేళ్ళు కత్తి వాదర మీద పడ్డాయి. చురుక్కుమంటే వేలు ఒకసారి నోట్లో పెట్టుకుని, బద్ద వెతికి తీసుకుని, పని సాగించాడు. తడి తగిలితే గుడ్డకి పూసిన జిగురే అనుకున్నాడు. కోడలు తలెత్తేసరికి మూడు నీలం అట్టలమీద ఎర్రటి వేలిముద్రలు పడి ఉన్నాయి. ఆయన నాలుగోది తీస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో యజమాని. "ఎన్నయ్యాయి?"

"పదకొండండీ." కోడలు లేచి ఆ మూడు అట్టలూ ఒళ్ళోకి లాక్కుంది. "ఈ మూడూ పోయాయండీ. నాకు సూది దిగింది. చూసుకోలేదు."

"చూసుకోకపోతే ఎలాగమ్మా," అని యజమాని వెళ్ళిపోయాడు. ఆమె ఆ పనిలో చేరి పన్నెండేళ్ళు. మాటపడటం అదే మొదటిసారి.

కాలికో పేలిక చింపి మామగారి వేలికి చుట్టింది. ఆయన చెయ్యి చాపి ఊరుకున్నాడు.

"కత్తి జరిగింది," అన్నాడు.

"జరిగింది మామయ్యా," అంది ఆమె.

*

మంగళవారం పొద్దున కోడలు గుమ్మంలోనే పట్టుకుంది.

"నిన్న బల్ల సర్దింది నువ్వేనా?"

"అవును అక్కా. బాగుందా?"

"బాగుంది. ఇంకెప్పుడూ సర్దకు. ఆయన వస్తువులు ఆయనే పెట్టుకుంటారు."

అమ్మాయి మొహం ఎర్రబడింది. క్షమించమంది. క్షమించమంటూనే కాగితం తీసి రాసుకుంది. కోడలికి ఒళ్ళుమండింది.

ఆ రోజంతా నోట్సు పిల్ల చూపు చేతులమీదే ఉంది. ఎవరు ఏం పెట్టినా కాగితం అంచున ఒక గీత గీస్తోంది. గంటన్నర అలా గీతలు గీసి, జిగురు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అన్నా, తాతగారి బల్లమీద ఏది పెట్టినా మీరు రెండుసార్లు తడుతున్నారు. అక్క కూడా తడుతున్నది. ఎందుకు?"

జిగురు కలుపుతున్న గరిటె ఆగిపోయింది. బుర్ర గోక్కున్నాడు.

"అదా. అది పద్ధతి."

"ఏ పద్ధతి?"

"పెద్దవాళ్ళ బల్లమీద ఏదన్నా పెడితే తట్టి పెట్టాలి. ఊరికే పడేసినట్టు పెట్టకూడదు. గౌరవం."

చెప్పడానికి తేలిగ్గానే చెప్పాడు గానీ, చెప్పాక కోడలి మొహం చూసి గరిటె వేగంగా తిప్పడం మొదలుపెట్టాడు. పెద్దాయన పుస్తకం వీపుమీద సుత్తి పని ఆపకుండా చేసుకుంటున్నాడు.

మర్నాటి నుంచి నోట్సు పిల్ల కూడా తట్టడం మొదలుపెట్టింది. దారం ఉండ పెట్టినా, మంచినీళ్ళు పెట్టినా, కాస్త వంగి, ఊపిరి బిగబట్టి, రెండు తట్లు సమానంగా తట్టి మరీ పెట్టేది. జిగురుకి నవ్వు ఆగక వెనకగదికి పోయి నవ్వుకుని వచ్చేవాడు. నవ్వొచ్చినా, నిజానికి వాళ్ళిద్దరికన్నా ఆమె తట్టడమే బాగుంది. వస్తువు ఎక్కడుందో సరిగ్గా అక్కడే తట్టేది. పెద్దాయన చెయ్యి ఒక్కసారి కూడా తడుముకోలేదు.

బుధవారం వెళ్ళబోతూ ఆ అమ్మాయి సంతోషం పట్టలేక చెప్పింది. "అక్కా, నిన్న క్లాసులో నేను ఈ పద్ధతి గురించి చెప్పాను. మేడమ్‌కి చాలా నచ్చింది. ఇప్పుడు మేము పదిమందిమీ క్లాసులో తట్టుకుంటున్నాము. శనివారం ముగింపు సభలో నేను చెప్పవలసిన అంశం అదే. సగం మార్కులు దానికే. సభ ఇక్కడే, మీ ముందుగదిలో. మీ యజమానిగారు ఒప్పుకున్నారు."

కోడలు సూది కిందపెట్టింది. అమ్మాయి వీధి దాటేదాకా ఆగి జిగురు వైపు తిరిగింది.

"నా నోరు జారింది వదినా," అన్నాడు అతను, ఆమె ఏమీ అనకముందే.

"ముందు వరసలో ఎవరు కూర్చుంటారు?"

"యజమానే."

"తట్టడం ఏంటి, ఎప్పట్నుంచి అంటాడు. ఇక్కడికొచ్చి ఒక్క పూట నిలబడితే చాలు, మొత్తం అర్థమైపోతుంది."

కిటికీలోంచి అవతలి బెంచీ కనపడుతోంది. కోతమిషను మనిషి దానిమీద కూర్చుని ఉన్నాడు.

*

పనిచేసేవాళ్ళ ఇల్లు కూడా ఒకసారి చూసి రావాలని వాళ్ళకి నియమమట. గురువారం సాయంత్రం నోట్సు పిల్ల ఇంటికి వచ్చింది. రెండు గదులు, ఒక వంటగది. కోడలి మొగుడు రైలు గార్డు, వారంలో నాలుగు రోజులు దారిలోనే ఉంటాడు. ఆ రోజూ లేడు. పెద్దాయన కుర్చీలో కూర్చుని రేడియో పెట్టుకున్నాడు. అమ్మాయి వచ్చిన అడుగుల చప్పుడుకి దాని గొంతు తగ్గించాడు.

"రామ్మా. ఈ ఇంట్లో గమనించడానికి ఏమీ ఉండదు. ఉన్నదంతా మా కోడలు కడిగేస్తుంది."

అమ్మాయి నవ్వింది. నాలుగు రోజుల్లో ఇక్కడి హాస్యం కాస్త వంటబట్టింది.

కోడలు ముగ్గురికీ టీ తెచ్చింది. మామగారి గ్లాసు ఆయన కుర్చీ పక్క బల్లమీద ఎప్పుడూ పెట్టే వైపే పెట్టింది. కానీ వచ్చిన అమ్మాయి తన కాగితాల కట్ట ఆ బల్లమీదే పెట్టడం వల్ల గ్లాసు నాలుగు వేళ్ళు ఇవతలకి జరిగింది. ఆయన చెయ్యి మామూలుగా వెళ్ళింది. గ్లాసు లేదు. చెయ్యి కాసేపు గాలిలో ఆగి, కిందికి దిగి, బల్ల అంచు పట్టుకుని మెల్లగా పాకింది. వేళ్ళ వెనకభాగం తగిలి గ్లాసు పడిపోయింది. టీ కాగితాలమీదుగా పారి ఆయన మోకాలుమీద పడింది.

"కాలింది," అన్నాడు. "అందుకే వదిలేశాను."

కోడలు గుడ్డ తెచ్చి తుడిచింది. కాగితాలు విదిలించింది. ఇంకో గ్లాసు తెచ్చి ఆయన చేతికే ఇచ్చింది. ఇదంతా ఎన్నోసార్లు చేసినదానిలా చకచకా జరిగిపోయింది. ఆ అమ్మాయి కదలకుండా చూసింది. తర్వాత వంటగది గుమ్మం దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, ఇంట్లో తట్టరా?"

కోడలు గుడ్డ పిండుతూ ఉండిపోయింది. గౌరవమే అయితే ఇంట్లో మాత్రం ఎందుకుండదు? అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు ఆమె ఎప్పుడూ తనకి తాను కూడా చెప్పుకోలేదు. షాపులో తట్టడం పనిలో ఒక భాగం, సుత్తి చప్పుడులాంటిది. ఇంట్లో తడితే అది జాలి అవుతుంది. మీకు కనపడదని నాకు తెలుసు మామయ్యా అని మొహంమీద చెప్పినట్టవుతుంది. అందుకని రెండేళ్ళుగా ఈ ఇంట్లో గ్లాసులు పడుతున్నాయి, టీలు కాలుతున్నాయి.

"ఇల్లు ఇల్లే, షాపు షాపే," అంది చివరికి.

అమ్మాయి తల ఊపింది. కలం జేబులోనే ఉంది. ఏమీ రాసుకోలేదు. నాలుగు రోజులుగా ఆమె రాస్తోందని భయపడిన కోడలికి, రాయకపోవడం చూసి ఇంకా భయమేసింది.

*

శుక్రవారం కోడలు తెగించింది. పెద్దాయన బల్లమీద పనిలో ఉండగా, కాగితం కట్టలు దించాలని చెప్పి ఆ అమ్మాయిని వెనకగదికి తీసుకెళ్ళింది. నిలువెత్తు కట్టల మధ్య ఇద్దరు మనుషులు పట్టేంత సందు.

"రేపు ఆ తట్టడం సంగతి చెప్పకు."

"ఎందుకు అక్కా?"

కోడలు ఒక కట్టమీద చెయ్యివేసి నిలబడింది. "ఆయనకి కనపడదు."

ఆ మాట ఆమె నోటివెంట రావడం అదే మొదటిసారి. కట్టుకున్నవాడితో కూడా ఇంత స్పష్టంగా అనలేదు.

"నిన్న అనుకున్నాను," అంది అమ్మాయి మెల్లగా. తర్వాత, "నేను సర్దిన రోజున ఆయన వేలు..." అని ఆగింది. "యజమానిగారికి తెలియదా?"

"తెలిస్తే గడియారం ఇస్తారు."

అమ్మాయికి అర్థం కాలేదు. కోడలు చిన్న కిటికీలోంచి రోడ్డుకి అవతల కూర్చున్న మనిషిని చూపించి, రెండు మాటల్లో చెప్పింది. అమ్మాయి చాలాసేపు అటే చూసింది.

"అక్కా, అంశాల కాగితం అచ్చువేసి అందరికీ పంచేశారు. మీ యజమానిగారికి కూడా. నేను చెప్పకపోతే మేడమ్ అడుగుతారు. మిగతా తొమ్మిదిమందీ అడుగుతారు. వాళ్ళందరికీ తెలుసు కదా."

"అయితే ఏం చేస్తావు?"

"తెలియదు."

మాటవరసకైనా సరేనని ఆ అమ్మాయి అనలేదు. కోడలికి చెప్పలేనంత కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ నోట్లోనే దాచుకున్న మాట ఎవరో దేశం కాని దేశపు పిల్ల చేతిలో పెట్టి, ఆమె దయకోసం చూడాల్సి వచ్చింది. వదిలేసి బల్ల దగ్గరికి వచ్చి సూది తీసుకుంది. ఆ మధ్యాహ్నం కుట్టిన ఫారాల్లో రెండు విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది.

*

పనిచోట తమ చేత్తో చేసిన వస్తువొకటి మేడమ్‌కి ఇవ్వాలి. నోట్సు పిల్ల తన కాగితాలే పుస్తకంగా కట్టుకుంటానంది. శనివారం పొద్దున పెద్దాయన పక్కన నిలబడి అట్టలు కోయించాడు. టీ మరకలున్న కాగితాలు ఆమె తనే కుట్టుకుంది. కోడలు అవసరమైన చోట ముడి చూపించింది తప్ప మాట్లాడలేదు.

వీపుకి జిగురు పూశాక దానిమీద ఒక చిత్తుకాగితం అంటించాలి. పుస్తకం విరగకుండా పట్టి ఉంచేది అదే. పైన కాలికో వస్తుంది కాబట్టి బయటికి కనపడదు. కోడలు చిత్తుకాగితాల బుట్ట వైపు చెయ్యి చాపింది. అమ్మాయి కుట్టకుండా పక్కన పెట్టిన ఒక నిండు పేజీని అందించింది. పేజీ అంచు నిండా గీతలున్నాయి. ఇది ఎందుకు తీసేశావని కోడలు అడగలేదు. వెడల్పుకి కత్తిరించి, జిగురు పూసి, వీపుమీద ఒత్తింది. పెద్దాయన దానిమీద నీలం గుడ్డ లాగి మడిచి, బద్దతో రుద్దాడు.

పదకొండింటికి ముందుగదిలో కుర్చీలు వేశారు. మేడమ్ పక్కన యజమాని. పనివాళ్ళు ముగ్గురూ గోడవార వరసలో. రొట్టెల బట్టీ కుర్రాడు పిండి ఎలా పులుస్తుందో చెప్పాడు. లాండ్రీ అమ్మాయి ఇస్త్రీ మడతల్లో ఆ ఊరి స్వభావం కనిపించిందంది. మేడమ్ సంతోషంగా తల ఊపుతూ రాసుకుంది. తర్వాత నోట్సు పిల్ల లేచింది. కోడలు పమిట కొంగు చేతికి చుట్టుకుంది. పెద్దాయన పేలిక కట్టిన వేలు పట్టుకుని నేల వైపు మొహం పెట్టుకుని ఉన్నాడు.

"నేను చెప్పవలసినది, పెద్దల బల్లమీద తట్టి పెట్టే పద్ధతి గురించి," అంది అమ్మాయి. "అటువంటి పద్ధతి ఇక్కడ లేదు."

మేడమ్ కలం ఆగింది.

"భయం వేసినప్పుడు బల్లమీద తట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. ఎవరికైనా ఏదైనా ఇస్తూ రెండుసార్లు తడతాను. మా అమ్మ తిడుతుంది. మొదటిరోజు ఇక్కడ నాకు చాలా భయం వేసింది. అందుకని తట్టాను. అది మా దేశపు మర్యాద కాబోలని వీళ్ళు అనుకున్నారు. నేను నొచ్చుకోకూడదని వాళ్ళూ తట్టడం మొదలుపెట్టారు. అది చూసి నేను, ఇది వీళ్ళ పద్ధతి అని రాసుకున్నాను. ఇలా ఒకరిని చూసి ఒకరం వారమంతా తట్టుకున్నాము. నేను రాసినది తప్పు. మన్నించండి."

యజమాని వెనక్కి తిరిగాడు.

"ఏమయ్యా జిగురూ, నిజమేనా?"

జిగురు బుర్ర గోక్కున్నాడు. "అతిథి కదండీ. ఊరికే ఉంటే చిన్నబుచ్చుకుంటుందేమోనని."

యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుతో గది గదంతా నవ్వింది. మిగతా తొమ్మిదిమంది పిల్లలూ, నాలుగు రోజులుగా తాము తట్టుకున్నది తలుచుకుని, ఇంకా ఎక్కువ నవ్వారు. మేడమ్ మాత్రం నవ్వలేదు.

"అయితే ఆరు రోజుల్లో నువ్వు చూసింది నీ అలవాటునేనన్నమాట."

"అవును మేడమ్."

"ఇక్కడి మనుషుల గురించి ఏమీ చూడలేదు."

అమ్మాయి దానికీ తల ఊపింది.

"మార్కులు పోతే పోయాయి. చూడటమంటే ఏమిటో నీకింకా తెలియలేదు. అది నేర్చుకో." మేడమ్ తన కాగితంమీద ఏదో కొట్టేసి, ఏదో చిన్నగా రాసింది.

కోడలికి లేచి నిలబడి చెప్పాలనిపించింది. ఈ గదిలో కళ్ళున్నది ఆ పిల్లకొక్కర్తికే అని గట్టిగా చెప్పాలనిపించింది. చెబితే ఆమె చేసినదంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. కూర్చుంది. జీవితంలో ఎప్పుడూ పడనంత సిగ్గు పడింది, నిన్నటి కోపం తలుచుకుని.

చివర్లో, అమ్మాయి ఆరు రోజులూ వచ్చిందని పెద్దాయన సంతకం పెట్టాలి. కాగితం ఆమే తెచ్చి ఆయన ముందు బల్లమీద పెట్టింది. సంతకం పెట్టాల్సిన గీత మొదట్లో వేలితో రెండుసార్లు తట్టింది, ఇంతమంది చూస్తుండగా, కాస్త గట్టిగానే.

"మళ్ళీనా," అని యజమాని విరగబడి నవ్వి, తన జేబులోని పెన్ను తీసి బల్లమీద పెట్టి, తనూ టక్ టక్ మని తట్టాడు. "ఇదిగో పెద్దాయనా, పెన్ను."

పెద్దాయన పెన్ను అందుకుని గీతమీద తిన్నగా సంతకం పెట్టాడు.

అమ్మాయి కట్టుకున్న పుస్తకం మేడమ్ తీసుకుంది. అందరూ బయట నిలబడ్డ బస్సు ఎక్కారు. కోడలు గుమ్మం దాకా వచ్చింది. "జాగ్రత్తగా వెళ్ళు," అంది. అమ్మాయి "అలాగే అక్కా," అని ఎక్కేసింది. మొదటిసారి ఆమె మాట పుస్తకంలోదిలా లేదు.

మధ్యాహ్నం యజమాని కొత్త ఆర్డరు నమూనా పట్టుకుని వచ్చాడు. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. బల్ల దాకా వచ్చి, పెద్దాయన ముందు నమూనా పెట్టి రెండుసార్లు తట్టాడు. "ఆ పిల్ల ఈ జబ్బు నాకూ అంటించి పోయింది," అని నవ్వుకుంటూ వెళ్ళాడు. పెద్దాయన నమూనా అందుకున్నాడు. కోడలూ జిగురూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పని చేసుకున్నారు.

*

సాయంత్రం ఇద్దరూ మామూలు దారిలోనే ఇంటికి నడిచారు. అవతలి బెంచీ ఖాళీగా ఉంది. సందు మలుపు దగ్గర పెద్దాయన అడిగాడు.

"ఆ అమ్మాయి ఆ చదువు గట్టెక్కుతుందా?"

"మార్కులు తగ్గించారట మామయ్యా. ఇంకోసారి ఏదో రాసివ్వాలట. జిగురు కనుక్కున్నాడు."

"ఊఁ." ఇంకో పది అడుగులు నడిచాడు. "నిన్న వెనకగదిలో నువ్వన్నది వినపడింది."

కోడలి కాళ్ళు ఆగిపోయాయి. ఆయనా ఆగాడు.

"కాదని లేచి వచ్చి చెబుదామనుకున్నాను," అన్నాడు. "లేవలేదు."

ఆయన మళ్ళీ నడక మొదలుపెట్టాడు. ఇల్లు చేరి కుర్చీలో కూర్చున్నాడు. రేడియో పెట్టుకోలేదు. కోడలు టీ కాచి తెచ్చి, పక్క బల్లమీద ఎప్పుడూ పెట్టే చోటే పెట్టింది.

ఆయన చెయ్యి గ్లాసు కోసం వెళ్ళలేదు. బల్ల అంచుమీద అరచెయ్యి తిరగేసి పెట్టుకుని కూర్చున్నాడు. టీ ఆవిర్లు కక్కుతోంది. ఆమె వంటగదిలోకి రెండు అడుగులు వేసి వెనక్కి చూసింది. ఆ చెయ్యి అలాగే ఉంది.

"ఆ పిల్ల అడిగిందిగా, ఇంట్లో తట్టరా అని," అన్నాడు ఎటూ చూడకుండా.

కోడలు వెనక్కి వచ్చింది. గ్లాసు పక్కన బల్లమీద వేలితో రెండుసార్లు తట్టింది. ఆయన చెయ్యి నేరుగా వచ్చి గ్లాసు అందుకుంది.